సీపాప్ మెషీన్ బీరువా మీదకి ఎక్కేముందు

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో డాక్టరుకి చూపించుకుని, ఒక రాత్రంతా ఒంటికి వైర్లు తగిలించుకుని స్లీప్ స్టడీ చేయించుకుని, నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా జబ్బుందని తేలి, మాస్కులోంచి గొంతులోకి గాలి తోలే సీపాప్ మెషీన్‌ని వేలకి వేలు పోసి తెచ్చుకున్న ఇళ్లలో మూడు నెలల తర్వాత ఆ మెషీన్ ఎక్కడుందో అడిగి చూడండి. బీరువా మీద ఉందనే జవాబు తరచూ వినిపిస్తుంది. సంచీతో సహా, జిప్పు వేసి. ఎందుకు వాడట్లేదంటే "మనకి పడలేదండీ" అంటారు.

ఈ "పడలేదు" మాత్రలతో అలవాటైన మాట. ఒక మాత్ర పడకపోతే డాక్టరు ఇంకో మాత్ర రాస్తారు, అది పడుతుంది, సరిపోతుంది. మెషీన్ దగ్గరకొచ్చేసరికి పడలేదు అంటే ఇక కథ ముగిసినట్టే లెక్క. మాత్రని విప్పి లోపల మార్చలేం గానీ మెషీన్‌లో మార్చడానికి బోలెడన్ని అంకెలున్నాయి, మాస్కులు మూడు రకాలున్నాయి, ఒక్కో రకంలో మూడు నాలుగు సైజులున్నాయి. ఇవేవీ కదపకుండా, మొదటి రోజు షాపు కుర్రాడు ఇరవై నిమిషాల్లో పెట్టి వెళ్లిన సెట్టింగుల మీదే నెల రోజులు అవస్థ పడి, చివరికి తప్పు మెషీన్ మీదో తమ ఒంటి మీదో వేసుకుంటున్నారు. అవస్థంతా చాలావరకు ఆ సెట్టింగుల్లోనే ఉంటుంది.

ముందు జబ్బు సంగతి కాస్త. మన దగ్గర గురకకి గాఢనిద్ర అని పేరు. "గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు, లేపకండి" అంటాం. ఆ గుర్రు మధ్యలో ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయి, పదిహేను ఇరవై సెకన్లు గదిలో ఏ శబ్దమూ లేకుండా పోయి, ఆ తర్వాత ఉలిక్కిపడ్డట్టు పెద్ద శబ్దంతో మళ్లీ మొదలైతే, చూడాల్సింది గురకని కాదు, మధ్యలో వచ్చిన ఆ మౌనాన్ని. గొంతు వెనక కండరాలు నిద్రలో వదులై, నాలుక వెనక్కి జారి, గాలి దారి మూసుకుపోయిన సమయమది. 10 సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగితే ఒక ఆప్నియా. పూర్తిగా ఆగకుండా బాగా తగ్గి, దాంతో రక్తంలో ఆక్సిజన్ పడిపోతే హైపాప్నియా. రెండూ కలిపి గంటకి సగటున ఎన్నిసార్లు వచ్చాయో అదే రిపోర్టులో కనిపించే ఏహెచ్ఐ. 5 లోపుంటే మామూలు, 5 నుంచి 15 తక్కువ, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. బొద్దుగా ఉన్నవాళ్లకే వస్తుందన్నదీ పూర్తి నిజం కాదు, దవడ చిన్నగా వెనక్కి ఉన్న సన్నటి మనుషులకీ వస్తుంది.

మెషీన్ చేసే పని చాలా సాదా పని. పొలంలో చదునుగా పడి ఉండే ప్లాస్టిక్ పైపుని చూసే ఉంటారు, మోటారు వెయ్యగానే నీళ్ల ఒత్తిడికి ఉబ్బి గుండ్రంగా నిలబడుతుంది. గొంతుకి గాలితో అదే చేస్తారు. 1980లో ఆస్ట్రేలియాలో కాలిన్ సల్లివన్ అనే డాక్టరు ముక్కుకి మాస్కు తగిలించి బ్లోయరుతో గాలి తోలి చూశాడు, మరుసటి ఏడాది ఆ ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మెషీన్లు చిన్నవయ్యాయి, చప్పుడు తగ్గింది, లోపల కంప్యూటరు వచ్చింది, సూత్రం మాత్రం అదే.

ఇందులో ఆక్సిజన్ ఉండదు. చూడ్డానికొచ్చిన బంధువులు "ఆక్సిజన్ పెట్టారంట కదా" అని గుసగుసలాడుతుంటారు, పాపం ఆ మనిషి అప్పుడే ఐసీయూలో ఉన్నట్టు. గదిలో గాలినే ఫిల్టరు గుండా లాగి కాస్త ఒత్తిడితో పంపుతుంది, అంతే. కోవిడ్ రోజుల్లో బైపాప్ అన్న మాట ఇంటింటికీ తెలిసిపోవడంతో మెషీన్ పేరు వింటేనే చాలామందికి గుండె దడ. బైపాప్ దీని చుట్టమే. అది పీల్చేటప్పుడు ఒక ఒత్తిడి, వదిలేటప్పుడు అంతకంటే తక్కువ ఒత్తిడి ఇస్తుంది. మామూలు స్లీప్ ఆప్నియాకి ఎక్కువమందికి దాని అవసరం రాదు, ఖరీదూ ఎక్కువ.

ఇక ఒత్తిడి అంకెలు. సీపాప్ ఇచ్చేది 4 నుంచి 20 దాకా. ఆ కొలత నీటి సెంటీమీటర్లు. 10 అంటే ఎంతో తెలియాలంటే పొడుగాటి గ్లాసులో నీళ్లు పోసి, స్ట్రాని 10 సెంటీమీటర్ల లోతుకి దింపి, బుడగలు వచ్చేదాకా ఊదండి. పిల్లలు కూల్‌డ్రింకులో చేసే పనే. ఆ బుడగ బయటికి రావడానికి ఎంత ఊదాల్సి వచ్చిందో అదే 10. బండి టైరులో 30 గాలి కొట్టిస్తాం కదా, దాన్ని ఇదే కొలతలోకి మారిస్తే 2,100 చిల్లర వస్తుంది. కాబట్టి "ఊపిరితిత్తులు పగిలిపోతాయేమో" అన్న భయంతో ఒత్తిడిని చూడక్కర్లేదు. ఇబ్బంది మరోచోట ఉంది.

ఇప్పుడు ఎక్కువగా అమ్ముతున్నవి ఆటో మెషీన్లు. ఊపిరి తీరు చూసుకుంటూ ఒత్తిడిని అవే పెంచుకుంటాయి, తగ్గించుకుంటాయి. కింది హద్దు ఎంత, పై హద్దు ఎంత అని మనం చెప్పాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు 4 నుంచి 20 అని ఉంటుంది, అంటే మెషీన్ వల్ల అయ్యేదంతా. చాలా చోట్ల దాన్నే అలా వదిలేసి "ఆటో కదండీ, అదే చూసుకుంటుంది" అంటారు. అది సోమరి సెట్టింగు. మొదటి వారం రీడింగు తీసుకోవడానికి అయితే పర్లేదు, కాపురం చేయడానికి పనికిరాదు.

4 దగ్గర పెద్దవాళ్లలో చాలామందికి గాలి చాలదు. మాస్కు పెట్టుకోగానే ఊపిరాడనట్టు అనిపిస్తుంది. ఒత్తిడి ఎక్కువై ఊపిరాడట్లేదనుకుని "సార్, కొంచెం తగ్గించండి" అని ఫోను చేస్తారు. తగ్గిస్తే ఇంకా కష్టం. వదిలిన ఊపిరి మాస్కుకున్న సన్న రంధ్రాల్లోంచి బయటికి పోవాలి, లోపలికి తాజా గాలి ధారాళంగా రావాలి, అంత తక్కువ ఒత్తిడికి రెండూ మందకొడిగానే జరుగుతాయి. అలాంటివాళ్లకి కింది హద్దుని 6కో 7కో పెంచితే "ఇప్పుడు బాగుంది" అంటారు. తగ్గించమని అడిగితే పెంచడం వినడానికి తిక్కగా ఉంటుంది గానీ చాలా కేసుల్లో జరిగేది అదే.

రెండో సంగతి, ఆటో మెషీన్ ముందే ఊహించి పెంచదు, గొంతు ముడుచుకోవడం మొదలయ్యాక పెంచుతుంది. అదీ మెల్లిగా. మనిషికి 10 కావాలి, మెషీన్ 4 దగ్గరుంది అనుకుందాం. వెల్లకిలా తిరగ్గానే గొంతు మూసుకుంటుంది, మెషీన్ మేలుకుని ఒక్కో మెట్టే ఎక్కుతుంది, అది 10కి చేరేలోపు నాలుగైదు ఆప్నియాలు అయిపోతాయి. పక్కకి తిరిగితే దిగుతుంది. మళ్లీ వెల్లకిలా, మళ్లీ అదే తంతు. తెల్లారి చూస్తే ఏహెచ్ఐ 9, 10 దగ్గర ఉంటుంది, మెషీన్ పెట్టుకున్నా ఏం తగ్గలేదని నిట్టూర్పు.

ఒక మనిషిని ఊహించుకుని చూద్దాం, అంకెలు మాట్లాడటం తేలికవుతుంది. గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్టులో లెక్కలు రాసే గుమస్తా, యాభై రెండేళ్లు, మీసం, పొట్ట, బీపీ మాత్ర. స్టడీలో ఏహెచ్ఐ 41. ఆటో మెషీన్, హద్దులు 4 నుంచి 20, ముక్కు మీద పెట్టే మాస్కు. వారం తర్వాత తెర మీద ఏముందంటే: వాడకం రోజుకి 3 గంటల 10 నిమిషాలు, ఏహెచ్ఐ 12, మాస్కు సీలు దగ్గర నవ్వు మొహం బదులు ఏడుపు మొహం. రాత్రి రెండున్నరకి మాస్కు ఊడబెరికి పక్కన పడేస్తున్నాడు, పడేసినట్టు పొద్దున దాకా అతనికే తెలియదు. ఇంట్లోవాళ్ల తీర్పు, మనకి పడలేదు.

ఇక్కడ ముందు చూడాల్సింది ఏహెచ్ఐని కాదు, లీకుని. మాస్కు పక్కల నుంచి గాలి పోతుంటే మెషీన్ లెక్కలే తప్పుతాయి, ఎన్ని ఆప్నియాలు వచ్చాయో సరిగ్గా పట్టుకోలేదు, ఎంత ఒత్తిడి కావాలో తేల్చుకోలేదు. మాస్కు రంధ్రాల్లోంచి పోయే గాలి లీకు కిందకి రాదు, అది పోవాలి, పోకపోతేనే ప్రమాదం. దాన్ని తీసేసి మిగతాదాన్నే లీకుగా చూపిస్తాయి రెస్‌మెడ్ కంపెనీ మెషీన్లు, నిమిషానికి 24 లీటర్లు దాటితే ఎక్కువ లీకు అంటాయి. ఫిలిప్స్‌వి చూపించే పద్ధతి వేరు, మొత్తం గాలిని కలిపి చూపిస్తాయి, కాబట్టి ఒకరి అంకె ఇంకొకరితో పోల్చుకుని కంగారు పడొద్దు.

మాస్కు షాపులో కుర్చీలో కూర్చోబెట్టి చూస్తారు. కూర్చున్నప్పుడు మొహం ఒక తీరు, పడుకుంటే బుగ్గలు జారి ఇంకో తీరు, పక్కకి ఒత్తిగిల్లితే దిండు మాస్కుని నెట్టి మరో తీరు. కాబట్టి మాస్కు పట్టీలు సర్దుకోవాల్సింది మంచం మీద పడుకుని, మెషీన్ ఆన్‌లో ఉండగా. లీకు ఉందని పట్టీలు బిగిస్తూ పోవడం దాదాపు అందరూ చేసే తప్పు. ఆ సిలికాన్ అంచు లోపలికి గాలి చేరి కొంచెం ఉబ్బి చర్మానికి అతుక్కునేలా తయారైంది. బిగిస్తే నలిగిపోతుంది, ముడతలు పడి ఇంకా కారుతుంది, పొద్దున్నే ముక్కు దూలం మీద ఎర్రగా కంది ఉంటుంది. పట్టీలు కాస్త వదులు చేసి, మాస్కుని మొహం మీద నుంచి ఒక వేలెడు పైకి లాగి, గాలి నిండాక మెల్లిగా వదలాలి. అది కూర్చునేటప్పుడు చిన్న శబ్దంతో పట్టుకుంటుంది, ఒకటి రెండు రాత్రుల్లో ఆ పట్టు చేతికే తెలిసిపోతుంది.

మన గుమస్తాకి ఇంకో రెండు చిక్కులున్నాయి. పడుకునేముందు తలకి కొబ్బరినూనె రాసుకుంటాడు, అది నుదుటికీ చెంపలకీ దిగుతుంది, నూనె మొహం మీద సిలికాన్ నిలవదు. నూనె పొద్దున స్నానానికి ముందుకి మార్చుకుని, రాత్రి సబ్బుతో మొహం కడుక్కుని తుడుచుకుంటే చాలు. రెండోది మీసం. మాస్కు కింది అంచు సరిగ్గా మీసం మీద కూర్చుంటోంది. మీసం తియ్యమంటే తియ్యడు, తియ్యక్కర్లేదు కూడా, ముక్కు రంధ్రాల దగ్గరే ఆనుకునే పిల్లోస్ మాస్కు ఉంది, మీసాన్ని దాదాపు ముట్టుకోదు. నిద్రలో నోరు తెరుచుకుని పొద్దున్నే నాలుక పిడచకట్టుకుపోయేవాళ్లకి మాత్రం అది కుదరకపోవచ్చు, గాలి ముక్కులోంచి వచ్చి నోట్లోంచి పోతుంది. అలాంటివాళ్లకి ముక్కూ నోరూ కప్పే ఫుల్ ఫేస్ మాస్కు. అయితే నోరు ఎందుకు తెరుచుకుంటోందో ముందు చూడాలి, ముక్కు దిబ్బడ ఉంటే మాస్కు మార్చినంత మాత్రాన దిబ్బడ పోదు.

లీకు అదుపులోకి వచ్చాక అప్పుడు ఒత్తిడి. మెషీన్ "95 శాతం ఒత్తిడి" అని ఒక అంకె చూపిస్తుంది. రాత్రిలో 95 శాతం సేపు ఒత్తిడి ఆ అంకెకి లోపే ఉందని అర్థం. మన మనిషికి అది 11.4 అనుకోండి. వారం పది రోజుల రీడింగులు ఇలాగే నిలకడగా ఉంటే డాక్టరు హద్దుల్ని 8 నుంచి 14 అనో అలాంటిదేదో చేస్తారు. కింది హద్దు అవసరానికి దగ్గరగా వచ్చింది కాబట్టి మెషీన్ పరుగెత్తే దూరం తగ్గింది, పై హద్దు తగ్గింది కాబట్టి అర్ధరాత్రి లీకు వచ్చినప్పుడు ఒత్తిడి పంతొమ్మిదికి ఎగబాకి మొహం మీద గాలివాన కొట్టినట్టు లేపడం పోయింది.

పై హద్దు దిగకొట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. కొందరిలో గొంతు తెరిచే ఉంటుంది, మెదడే ఊపిరి తీసుకోమని చెప్పడం మర్చిపోతుంది. దాన్ని సెంట్రల్ ఆప్నియా అంటారు. సీపాప్ మొదలుపెట్టిన కొత్తలో కొందరికి ఇవి కొత్తగా కనిపిస్తాయి, చాలామందిలో కొన్ని వారాల నుంచి నెలల్లో వాటంతటవే సర్దుకుంటాయి. మెషీన్ గాలిలో చిన్న చిన్న అలలు పంపి గొంతు మూసుందో తెరిచుందో కనిపెడుతుంది కాబట్టి రీడింగులో ఇవి విడిగా కనబడతాయి. ఒత్తిడి పెంచితే ఇవి తగ్గవు, ఒక్కోసారి పెరుగుతాయి. అందుకే "ఏహెచ్ఐ ఎక్కువుంది, ఒత్తిడి పెంచేద్దాం" అని ఎవరికి వాళ్లు మెనూలోకి వెళ్లి నొక్కేయడం మంచిది కాదు. గుండె బలహీనత ఉన్నవాళ్లయితే అసలే కూడదు. 2015లో వచ్చిన సర్వ్-హెచ్ఎఫ్ ట్రయల్‌లో, గుండె పంపింగ్ 45 శాతం, అంతకన్నా తక్కువ ఉండి ఎక్కువగా సెంట్రల్ ఆప్నియా ఉన్నవాళ్లకి ఊపిరి ఊపిరికీ ఒత్తిడి మార్చుకునే ఏఎస్‌వీ అనే తెలివైన మెషీన్ పెడితే గుండె మరణాలు తగ్గకపోగా పెరిగాయి. మెషీన్ ఎంత తెలివైనదైనా మనిషిని చూసే పెట్టాలని అప్పుడే తెలిసొచ్చింది.

ర్యాంప్ గురించి ఒక ముక్క. పడుకోగానే తక్కువ ఒత్తిడితో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోయే సౌకర్యమది, 45 నిమిషాల దాకా పెట్టుకోవచ్చు. నిద్ర పట్టడానికి పది నిమిషాలు చాలే మనిషికి 45 పెడితే మిగతా ముప్పై అయిదు నిమిషాలు చాలీచాలని ఒత్తిడితో గురకే. మధ్యరాత్రి బాత్రూముకి లేచి వచ్చి మళ్లీ పెట్టుకుంటే మళ్లీ 45. కొన్నింటిలో ఆటో ర్యాంప్ ఉంటుంది, నిద్ర పట్టిందని ఊపిరి తీరుని బట్టి పసిగట్టి అప్పుడు పెంచుతుంది, ఉంటే అదే పెట్టుకోవడం నయం.

ఊపిరి వదిలేటప్పుడు ఎదురుగాలి కొడుతున్నట్టుంటే దానికీ ఒక మీట ఉంది. రెస్‌మెడ్‌లో ఈపీఆర్, ఫిలిప్స్‌లో ఫ్లెక్స్. 1, 2, 3 అని మూడు మెట్లు. ఈపీఆర్ 3 పెడితే వదిలేటప్పుడు ఒత్తిడి 3 తగ్గుతుంది. అయితే ఈ మెషీన్ 4 కంటే కిందకి దిగలేదు. కింది హద్దు 4 ఉంచి ఈపీఆర్ 3 పెట్టుకుంటే, మెషీన్ 4 దగ్గర ఉన్నంతసేపూ ఆ 3కి విలువ లేదు, పేరుకి ఉందంతే. "ఈపీఆర్ పెట్టినా తేడా లేదు" అనేవాళ్లలో కొందరి కథ ఇదే. ఇంకొందరికి ఈపీఆర్ పెట్టాక హాయిగా ఉంటుంది గానీ ఏహెచ్ఐ కాస్త పెరుగుతుంది, వదిలే సమయంలో గొంతుకి దక్కే ఆసరా తగ్గింది కదా. అప్పుడు కింది హద్దు ఒకటో రెండో పెంచి సరిచేస్తారు.

గ్యాస్ సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర పొట్టలో ఏమొచ్చినా గ్యాసే. సీపాప్ మొదలయ్యాక పొద్దున్నే పొట్ట ఉబ్బి, త్రేన్పులు మీద త్రేన్పులు వస్తుంటే చాలామంది పక్క మెడికల్ షాపులో గ్యాస్ మాత్ర కొని వేసుకుంటారు. అది ఆమ్లం గొడవ కాదు, గాలి గొడవ. మెషీన్ తోలిన గాలిలో కొంత గొంతులోంచి అన్నవాహికలోకి పోతుంది. ఒత్తిడి అవసరానికి మించి ఉంటే ఎక్కువ. రాత్రి పదిన్నరకి పెరుగన్నం దాకా పూర్తి భోజనం చేసి పదకొండుకి పడుకుంటే ఇంకా ఎక్కువ. భోజనం ముందుకి జరిపి, తలవైపు ఎత్తు పెంచి, అప్పటికీ తగ్గకపోతే పై హద్దు తగ్గించే సంగతో ఈపీఆర్ పెంచే సంగతో డాక్టరుతో మాట్లాడాలి.

మెషీన్‌కుండే నీళ్ల తొట్టి వేడెక్కి గాలికి తేమ కలుపుతుంది. ఆ తేమ సెట్టింగుని మాత్రం ఎవరికి వాళ్లే మార్చుకోవచ్చు, మార్చుకోవాలి కూడా, ఎందుకంటే కృష్ణా తీరంలో ఒక్క సెట్టింగు ఏడాదంతా పనిచెయ్యదు. రోహిణి కార్తెలో విజయవాడలో ఏసీ 22లో పెట్టి తలుపులు బిగించుకుని పడుకుంటే గదిలో గాలి పొడిబారుతుంది, గొంతు ఎండుతుంది, తేమ పెంచాలనిపిస్తుంది. పెంచితే వెచ్చటి తడిగాలి చల్లటి గొట్టంలో నీళ్లుగా మారి, తెల్లవారుజామున మూడింటికి గడగడ శబ్దంతో ముక్కు మీద చుక్కలు పడతాయి. నిద్రలో ఉన్నవాడికి కృష్ణలో మునుగుతున్న కల వచ్చినా ఆశ్చర్యం లేదు. వేడి గొట్టం ఉంటే దాని వేడి పెంచాలి. లేకపోతే ఏసీని 26కి తెచ్చి, మెషీన్‌ని మంచం కంటే కింద పెట్టి (గొట్టంలో చేరిన నీళ్లు మొహం వైపు కాకుండా వెనక్కి జారతాయి), గొట్టానికి ఒక బట్ట తొడుగు వెయ్యాలి. పాత కాటన్ చీర కుచ్చెళ్ల ముక్కతో ఇంట్లోనే కుట్టుకోవచ్చు, షాపులో కొనేదాని కంటే మెత్తగా ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరులో ఏసీ లేకుండా పడుకునే ఇళ్లలో గాలిలోనే బోలెడంత తేమ, అప్పుడు సెట్టింగు 1కో 2కో దించినా సరిపోతుంది.

ఆ తొట్టిలో ఏ నీళ్లు పొయ్యాలన్నది నిత్యం నలిగే ప్రశ్న. కంపెనీలు చెప్పేది డిస్టిల్డ్ వాటర్. ఇంటికొచ్చే 20 లీటర్ల టిన్ను నీళ్లు పోస్తే ప్రాణమేం పోదు గానీ అందులోనూ లవణాలుంటాయి, కొన్నాళ్లకి తొట్టి అడుగున తెల్లగా పొర కడుతుంది. కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి, లవణాలు ఎక్కడికీ పోవు. "ఇన్వర్టర్‌కి పోసే బ్యాటరీ వాటర్ కూడా డిస్టిల్డే కదా" అని పోసేవాళ్లున్నారు. అది పీల్చే గాలి కోసం తయారైంది కాదు, దాని జోలికి పోవద్దు. ఏ నీళ్లయినా రోజూ పొద్దున పారబోసి, తొట్టి కడిగి ఆరబెట్టాలి, నిన్నటి నీళ్లలోనే ఇవాళ్టివి కలపకూడదు.

గుంటూరుకి ప్రత్యేకం మిర్చి ఘాటు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సీజనులో యార్డు దగ్గరి గాలికి తుమ్ములు రానివాడుండడు, పగలంతా ఆ దుమ్ములో గడిపి రాత్రి ముక్కుకి మాస్కు తగిలిస్తే ముక్కు మొరాయిస్తుంది. పడుకునేముందు ఉప్పునీటి స్ప్రేతో ముక్కు శుభ్రం చేసుకోవడం, అవసరమైతే డాక్టరు రాసిన ముక్కు మందు, వీటితో మాస్కు మార్చకుండానే సగం గొడవ తీరుతుంది. మెషీన్ వెనక చిన్న ఫిల్టరు ఉంటుంది, ఆర్నెల్లకి ఒకసారైనా మార్చమని రెస్‌మెడ్ పుస్తకంలో ఉంటుంది, మన దుమ్ముకి ఆర్నెల్లంటే ఎక్కువే. నెలకోసారి తీసి వెలుతురులో చూడండి, బూడిదరంగు వచ్చిందంటే మార్చెయ్యడమే.

అలవాటు పడటం గురించి అందరూ ఇచ్చే సలహా "ఓపిక పట్టండి". ఓపిక మంచిదే గానీ దానికొక పద్ధతి కావాలి. నిద్రపోయేటప్పుడే మొదటిసారి మాస్కు పెట్టుకుంటే మనసు దాన్ని నిద్ర చెడగొట్టే వస్తువుగా ముద్ర వేసుకుంటుంది. సాయంత్రం సీరియల్ చూస్తూనో క్రికెట్ చూస్తూనో అరగంట ఉత్త మాస్కు, రెండు రోజుల తర్వాత మెషీన్ ఆన్ చేసి అరగంట, ఆ తర్వాత పగటి కునుకు, ఆ పైన రాత్రి. పిల్లలు ఏనుగు తొండం అని నవ్వుతారు, నవ్వనివ్వండి. మంచం పక్కన పడుకునే మనిషి వైపు నుంచి వచ్చే ఫిర్యాదుని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, మాస్కు రంధ్రాల నుంచి వచ్చే గాలి నేరుగా ఆవిడ మొహానికి కొడుతుంటుంది. ఇన్నేళ్లూ గురక భరించి, ఇప్పుడిప్పుడే హాల్లోంచి మళ్లీ గదిలోకి వచ్చిన మనిషి కదా. మాస్కు మార్చేటప్పుడు గాలి ఎటు పోతోందో కూడా చూసుకోవాలి.

ఎన్ని గంటలు వాడాలన్న దగ్గర 4 అన్న అంకె ఎక్కువగా వినిపిస్తుంది. నెలలో 70 శాతం రాత్రులు, రాత్రికి 4 గంటలు. అది అమెరికాలో మెడికేర్ బీమా డబ్బులివ్వడానికి పెట్టుకున్న గీత. పాసు మార్కులాంటిది, జబ్బుకి ఆ గీత తెలియదు. పైగా కలలొచ్చే నిద్ర ఎక్కువగా రాత్రి రెండో సగంలో ఉంటుంది, ఆ దశలో కండరాలు మరింత వదులవుతాయి, ఆప్నియాలు చాలామందికి అప్పుడే ఎక్కువ. రెండున్నరకి మాస్కు పీకేసే గుమస్తా సరిగ్గా గొడుగు అవసరమైనప్పుడే మూసేస్తున్నాడన్నమాట. 2016లో వచ్చిన సేవ్ ట్రయల్‌లో గుండెజబ్బో పక్షవాతమో అప్పటికే ఉన్న 2,700 మందికి పైగా చేరితే, సీపాప్ ఇచ్చినవాళ్లలో మళ్లీ గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదని తేలింది. ఆ వార్త చూపించి మెషీన్ దండగ అనేవాళ్లున్నారు. ఆ ట్రయల్‌లో సగటు వాడకం రాత్రికి 3.3 గంటలు. పైగా పగటి మత్తు విపరీతంగా ఉన్నవాళ్లని అందులో చేర్చుకోనేలేదు. మత్తు తగ్గడం, మూడ్ బాగుపడటం మాత్రం అందులోనూ కనిపించాయి. జాతీయ రహదారి మీద లారీ నడిపే మనిషికి మత్తు తగ్గడం చిన్న లాభమేం కాదు.

అంకెల పిచ్చి ఇంకో చివర. ఏహెచ్ఐ 3 వస్తే 1 ఎందుకు రాలేదని రోజూ సెట్టింగులు కెలికేవాళ్లు తయారయ్యారు. మెషీన్ ఇచ్చే ఏహెచ్ఐ గాలి ప్రవాహాన్ని బట్టి వేసే అంచనా, దానికి నిద్రో మెలకువో తెలియదు, మెలకువగా దొర్లుతూ ఊపిరి బిగబట్టినా లెక్కలో వేసేస్తుంది. 5 లోపు నిలకడగా ఉండి, పగలు మత్తు లేకపోతే దాన్ని అలా వదిలెయ్యడమే తెలివి. ఏది మార్చినా ఒక్కటే మార్చి, నాలుగైదు రాత్రులు చూడాలి. ఒకే రాత్రి మాస్కూ తేమా ఒత్తిడీ మూడూ మారిస్తే ఏది పనిచేసిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఎస్‌డీ కార్డు ఉన్న మెషీన్లయితే ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రాత్రంతా నిమిషం నిమిషం గీతల్లో చూసుకోవచ్చు, డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ ప్రింటు పట్టుకెళితే మాట సూటిగా సాగుతుంది.

కరెంటు పోతే ఏమవుతుందన్నది ఇంట్లో ఆడవాళ్లు ముందు అడిగే ప్రశ్న, న్యాయమైన ప్రశ్న. మాస్కులో రంధ్రాలుంటాయి, ఫుల్ ఫేస్ మాస్కులో అయితే గాలి ఆగిపోగానే తెరుచుకునే కవాటం కూడా ఉంటుంది, మనిషి ఉక్కిరిబిక్కిరై లేస్తాడే తప్ప ప్రాణానికి ముప్పు రాదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక మోడ్ స్విచ్ చూడండి. ఎకో మోడ్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి పట్టే ఆ క్షణంలో మెషీన్ ఆగి మళ్లీ మొదలుపెట్టవచ్చు, యూపీఎస్ మోడ్‌లో మార్పు త్వరగా జరుగుతుంది. తేమ హీటరు, వేడి గొట్టం ఆపేస్తే బ్యాటరీ చాలా ఎక్కువసేపు వస్తుంది. తిరుపతి రైలెక్కేటప్పుడు బెర్తు దగ్గరి ఛార్జింగ్ పాయింటుని నమ్ముకోవద్దు. మెషీన్ లేని ఆ ఒక్క రాత్రికి పక్కకి తిరిగి పడుకోవడం, మద్యం ముట్టకపోవడం కొంత ఆసరా.

సెకండ్ హ్యాండ్ మెషీన్ చవగ్గా వస్తోందంటే ముందు మోడల్ చూడాలి. 2021 జూన్‌లో ఫిలిప్స్ తన డ్రీమ్‌స్టేషన్ మొదటి తరం సహా చాలా మెషీన్లని వెనక్కి పిలిచింది, లోపల చప్పుడు తగ్గించే ఫోము పాడై రేణువులు గాలిలో కలిసే ప్రమాదముందని. అవి ఇంకా అక్కడక్కడా చేతులు మారుతూనే ఉన్నాయి. కొన్న మెషీన్‌లో పాత మనిషి ఒత్తిడి హద్దులు అలాగే ఉంటాయన్నది ఇంకో సంగతి, ఆయన కళ్లజోడు పెట్టుకుని రోడ్డెక్కినట్టే.

బరువు తగ్గితే మెషీన్ పోతుందా అంటే, కొందరికి పోతుంది, చాలామందికి ఒత్తిడి అవసరం తగ్గుతుంది. 2024 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ స్థూలకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లకి బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ని అనుమతించింది కూడా. పది కిలోలు తగ్గాక గురక రావట్లేదు కదా అని మెషీన్ మానేసేవాళ్లు మాత్రం ఇంకోసారి స్టడీ చేయించుకుని మానాలి, గురక లేకుండా కూడా ఆప్నియా ఉండొచ్చు. బరువు అయిదారు కిలోలు అటూ ఇటూ అయినా, ముక్కుకి ఆపరేషన్ అయినా, పళ్లు తీయించుకున్నా పాత హద్దులూ పాత మాస్కు సైజూ సరిపోకపోవచ్చు.

మన గుమస్తా దగ్గరికి వస్తే, పిల్లోస్ మాస్కు వచ్చింది, ర్యాంప్ ఆటోలో పడింది, హద్దులు 8 నుంచి 14 అయ్యాయి, రాత్రి నూనె మానేశాడు. ఆరో వారం తెర మీద వాడకం 6 గంటల 20 నిమిషాలు, ఏహెచ్ఐ 2.8. మధ్యాహ్నం మూడింటికి చిట్టా మీద తల వాల్చేవాడు, ఇప్పుడు ఆ టైముకి టీ కోసం బయటికి వెళుతున్నాడు. మే నెలలో యార్డుకి సెలవులిచ్చి ఇంట్లో ఏసీ ఆన్ అయ్యేసరికి గొట్టంలో మళ్లీ గడగడ మొదలవుతుంది, అప్పుడు తేమ 5 నుంచి 3కి దించుకోవాలి.